బాయి మట్టి పొయ్యి

కాగితం మీద సంగవ్వ బాయి నీళ్లు మంచిగైనయి.

రంగు లేదట, వాసన లేదట, మనుషులు తాగొచ్చునట. కింద గుండ్రటి ముద్ర, ముద్ర మీద వంకర దస్కత్. నాందేడ్ నుంచి ఆ కాగితం పట్టుకొచ్చిన కొడుకు గజానన్ అరుగు మీద కూసోని ఒకసారి చదివి వినిపిచ్చిండు. సంగవ్వ నమ్మలేదు. మల్ల చదువుమన్నది. అతడు చదువుతుండంగనే లేచిపోయి, బాయిల బొక్కెన ఏసి, సగం బొక్కెన నీళ్లు చేది తెచ్చి కొడుకు కాళ్ల ముందట పెట్టింది. పాలు తక్కువ పోసిన చాయ రంగుల ఉన్నయి ఆ నీళ్లు. పైన సబ్బు నురుగు లెక్క తెట్టు.

"ఇప్పుడు చదువు," అన్నది. "గీ నీళ్లను చూస్కుంట చదువు."

గజానన్ కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. యాభై ఏండ్ల మనిషి, తల్లి ముందట తల వంచుకున్నడు.

"గీ నీళ్లు కాదు అవ్వా. సాహేబులు అచ్చిన నాటి నీళ్లు. ఆ దినం మంచిగనే ఉండె కదా."

ఆ దినం నీళ్లు మంచిగ ఉండుడు అబద్ధం కాదు. వాటిని మంచిగ చేసింది ఎవ్వలో కాదు, సంగవ్వనే.

ఆ బాయి ఆమెకు అత్తమామల నుంచి అచ్చింది కాదు. డెబ్బై రెండు కరువుల, లగ్గమై ఇంకా ఏడాది నిండలే, పెనిమిటి శంకర్రావు గడ్డపార పట్టుకొని చేన్ల దిగిండు. ఊరంత రోడ్డు పనికి పోయి సర్కారు జొన్నలు తెచ్చుకుంటుంటే, ఆయన దినమంత రోడ్డు పని చేసి, పొద్దు గూకేదాకా ఈ గుంత తవ్వేటోడు. తవ్విన మట్టి తట్టకెత్తి గట్టు మీద పోసింది సంగవ్వ. అప్పుడు పదిహేడేండ్లు. తట్ట ఒత్తి ఒత్తి నడినెత్తి మీద వెంట్రుకలు ఊడిపోయి రూపాయి బిళ్లంత బోడి పడ్డది, ఇప్పటికీ అక్కడ వెంట్రుక మొలవలేదు. ఇరవై రెండు మూరల లోతుల, తూర్పు దిక్కు రాతి సందుల నుంచి మొదలు నీళ్లు అచ్చినయి. అవి ఎంత సల్లగుండెనో, దోసిట్ల పట్టుకొని శంకర్రావు పైకి చూసి ఏమన్నడో, ఆనాడు ఏ చీర కట్టుకుందో, అన్నీ యాదికున్నయి సంగవ్వకు. సంతకం రాదు గని యాదికి మాత్రం తక్కువ లేదు.

ఆ బాయి నీళ్లతోని ముగ్గురు పిల్లలు పెరిగిండ్రు. ఎండకాలంల ఊరు సగం వచ్చి చేదుకొని పోయేది. శంకర్రావు కాలం చేసిన్నాడు ఆయనకు ఆఖరి తానం పోసింది సుత ఆ నీళ్లతోనే.

పదేండ్ల కింద వాగు అవతల, పడమటి దిక్కు, కారఖానా పడ్డది. చక్కెర మడ్డి నుంచి స్పిరిట్ తీసే కారఖానా. కుండల్‌వాడి పోయే జీపుల ఎక్కితే దాని చిమ్నీ కనబడకుండ పోలేరు. మొదట ఊర్ల సంబురమే. పిల్లలకు నౌకరీలు అస్తయన్నరు. నలుగురికి వచ్చినయి, గేటు కాడ కావలి. స్పిరిట్ తీసినంక మిగిలిన నల్లటి నీళ్లను ట్యాంకర్లల తెచ్చి, ఎరువు అని ఉచితంగ చేన్లల పోసిండ్రు. ఉచితమంటే ఎవ్వలు వద్దంటరు? రెండు పంటలు దుబ్బగ పండినయి. మూడో ఏడు నాగలి దిగలేదు. భూమి పెంకాసు తీరుగ గట్టిపడ్డది. అప్పుడు రైతులు వద్దంటే, ఆ నల్ల నీళ్లు పైపుల వాగుకు పోయినయి. వాగు నుంచి భూమిలకు, భూమిల నుంచి బాయిలకు.

బర్రె ఈ నీళ్లు మూజూసి మొహం తిప్పుకున్ననాడు సంగవ్వకు కోపం రాలేదు, భయమైంది. కోపం అచ్చింది ఇంకో దినం. మనుమరాలు సాయలి సగరోళి హాస్టల్ల ఉండి చదువుతది. సెలవులకు అచ్చినప్పుడల్లా తానం చేసిన రెండో దినానికి పెయ్యంత దద్దుర్లు. పోయిన ఏడాది దీపావళికి వస్తూ వస్తూ ఆ పిల్ల సంచిల బట్టలతోని పాటు నాలుగు సీసాల నీళ్లు తెచ్చుకున్నది. ఎవ్వలకు కనబడకుండ మంచం కింద పెట్టుకున్నది. నాయినమ్మ బాధపడతదని దాచింది. ఊడ్చేటప్పుడు చీపురుకు తగిలి ఒక సీసా దొర్లి బయటికచ్చింది. సంగవ్వ ఆ సీసాను పట్టుకొని శాన సేపు నిలబడ్డది. తన బాయి ఉన్న ఇంటికి తన పిల్ల నీళ్లు మోసుకచ్చింది.

అప్పటికే అర్జీలు ఇయ్యబట్టి నాలుగేండ్లు. ఈ దప్తర్ వాళ్లు ఆ దప్తర్‌కు పొమ్మన్నరు, ఆ దప్తర్ వాళ్లు సాహేబు మీటింగుల ఉన్నడన్నరు. ఆఖరికి గజానన్ నాందేడ్ పోయి వకీలు శ్రద్ధను కలిసిండు. శ్రద్ధ కుండల్‌వాడి బట్టల దుకాణపోళ్ల పిల్ల. వాళ్ల తాత కాడ సంగవ్వ ఉద్దెర లేకుండ చీర కొన్న దినం లేదు. శ్రద్ధ ఊరికచ్చి బాయి చూసి, ఫోన్ల ఫొటోలు పట్టుకొని, అరుగు మీద కూసోని చెప్పింది.

"అవ్వా, గాలి పాడైనా నీళ్లు పాడైనా అడిగేటందుకు పుణెల ఒక కోర్టు ఉన్నది. కారఖానా మీదనే కాదు, చూస్కుంట ఊకున్న సర్కారు మీద సుత వేద్దాం."

"సర్కారు మీద సర్కారు కోర్టులనా?" అన్నది సంగవ్వ.

"ఆ. అదే దాని పని."

"మంచిగుంది. వెయ్యి మరి."

పదకొండు మంది పేర్లతోని కేసు పడ్డది. మొదటి పేరు గజానన్‌ది. ఏడు నెలలకు కోర్టు, ఒక కమిటీ పోయి చూడాలె, నీళ్లు పట్టాలె, పరీక్ష చేసి చెప్పాలె అన్నది. ఏ తారీఖుకు వచ్చేది పంచాయతికి చిట్ఠీ అచ్చింది.

ఇక్కడనే పని చెడ్డది.

చిట్ఠీ చదివిన సర్పంచ్ దిగంబర్ సీదా సంగవ్వ ఇంటికచ్చిండు. చెప్పులు బయట విడిసి, చేతులు కట్టుకొని మర్యాదగ నిలబడ్డడు.

"పెద్దవ్వా, పుణె కోర్టు పంపిన సాహేబులు అస్తున్నరు. నీ బాయి కాడికే మొదలు అస్తరు. బాయి చూస్తే గిట్లున్నది. పాచి, తెట్టు, అండ్ల ఏం సచ్చిందో ఏమో. ఊరి ఇజ్జత్ ఏం గావాలె? మోటరు పంచాయతిది పెడత. పూడిక తీసెటోళ్లను సుత నేనే పంపుత."

ఆ ఊర్ల లగ్గానికి ముందట బాయి తోడిపిస్తరు. దేవుని పల్లకి ఇంటి ముందుకొచ్చే ఏడు తోడిపిస్తరు. పెద్ద చుట్టాలు దూరం నుంచి అస్తున్నరంటే తోడిపిస్తరు. వచ్చినోళ్లకు కాళ్లు కడుక్కునేటందుకు ఇచ్చే మొదటి చెంబు నీళ్లల్ల నలుసు కనబడితే, ఆ ఇంటి ఆడదానికి పదేండ్లు చెడ్డపేరు నిలబడతది. యాభై ఏండ్లల్ల సంగవ్వ వాకిలి ఊడ్వకుండ ఒక్క చుట్టం సుత గడప తొక్కలేదు. కోర్టు నుంచి, అంత దూరం నుంచి, తన మాట వినేటందుకు వస్తున్న మనుషులు చుట్టాలు కాక మరేంది? శ్రద్ధకు చెప్పాలె అని ఆమెకు తోచనే లేదు. ఇల్లు ఊడ్చుకుంటున్నమని వకీలుకు ఎవ్వలన్న ఫోన్ చేస్తరా? గజానన్ సుత మోటరు పైపు మోసిండు.

రెండు దినాలు మోటరు నడిచింది. పూడిక తీసుట్ల పేరుపడ్డ రామకిషన్ నడుముకు మోకు కట్టుకొని దిగి, మోకాలు లోతు నల్లటి ఒండు మట్టి తట్టలకెత్తిండు. మూడో దినానికి తూర్పు సందుల నుంచి నీళ్లు ఊరి అద్దం తీరుగ నిలబడ్డయి. ఆ నాలుగు దినాలు కారఖానా పైపుల నుంచి చుక్క రాలేదన్న ముచ్చట అప్పుడు ఎవ్వలూ పట్టిచ్చుకోలేదు. దిగంబర్ బ్లీచింగ్ పొడి సంచి సుత పంపిండు. సంగవ్వ తన చేతులతోని చల్లింది.

సాహేబులు అచ్చిండ్రు. వాకిట్ల ముగ్గు చూసి, తొక్కకుండ పక్క నుంచి నడిచిండ్రు. చాయ తాగిండ్రు. నాలుగు సీసాలల్ల నీళ్లు పట్టుకున్నరు. పోతూ పోతూ పంచనామా రాసిండ్రు. గవాయిగ, అంటే సాక్షిగ, ఇంటి పెద్ద ఎవ్వలంటే అందరు సంగవ్వను చూపిచ్చిండ్రు. ఆమె కొంగుతోని చెయ్యి తుడుచుకొని, సంతోషంగ, బొటనవేలు సిరాల ముంచి కాగితం మీద ఒత్తింది. ఎవ్వలూ చదివి వినిపియ్యలేదు. ఆమె సుత అడుగలేదు.

అండ్ల రాసి ఉన్నదేందంటే, బాయి దినాం ఎట్లుంటదో ఇయాల సుత గట్లనే ఉన్నది అని.

*

"నా వేలు," అన్నది సంగవ్వ బొక్కెన ముందట కూసోని. "నా వేలే నా బాయిని ముంచింది."

గజానన్ ఏదో సర్దిచెప్పబోయిండు. ఆమె వినలేదు. బొటనవేలిని అరుగు రాయికేసి అరగదీసింది, ఆనాటి సిరా ఇంకా ఉన్నట్టు. వేలు ఎర్రబడ్డది.

"దిగంబరు నన్ను మాయ చేసిండంటే ఒక లెక్క. వాడు కారఖానా పెట్టిన ఉప్పు తిన్నడు. మరి ఆ సాహేబులకు ఏమైంది? గట్టు మీద పచ్చి పూడిక కుప్ప ఉండె. మోటరు పైపు అక్కడనే పడి ఉండె. బ్లీచింగ్ వాసన నాకు ముక్కులు పగిలినయి, వాళ్లకు రాలేదా? అన్నీ చూసిండ్రు. చూసి, నా చాయ తాగి, నాతోనే ముద్ర ఒత్తిచ్చుకొని పోయిండ్రు."

"శ్రద్ధ ఏమన్నదంటే..." గజానన్ గొంతు సవరిచ్చుకున్నడు. "ఇరవై దినాలల్ల పేషీ ఉన్నది. కారఖానా వాళ్లు ఈ రిపోర్టు పెట్టి కేసు కొట్టెయ్యమంటున్నరట. ఇప్పుడు కొట్టేస్తే ఇగ మల్ల వేసేది ఉండది. ఎన్నిసార్లు పోయినా ఈ కాగితమే ముందట పెడతరు."

"బాయి పోయినట్టేనా?"

ఇంట్లకెళ్లి కోడలు ముక్త గొంతు వినబడ్డది. "అత్తా, రొట్టెలు చెయ్యాలె. పాత పొయ్యి పగిలింది. కొత్త దాన్ని ముట్టియ్యనా?"

"ముట్టియ్యి," అన్నది సంగవ్వ, మనసు ఇక్కడ లేక.

ఇంటింటికి గ్యాస్ ఉన్నది గని జొన్నరొట్టెకు మట్టి పొయ్యే కావాలె. బాయి తోడినప్పుడు వచ్చిన ఒండు మట్టిని ఆ ఊరోళ్లు పారబొయ్యరు. నున్నగ, జిగురుగ ఉంటది. పెండ, పొట్టు కలిపి తొక్కి, ఐదిండ్లోళ్లు పంచుకొని పొయ్యిలు పెట్టుకుంటరు, నీడకు ఆరబెట్టుకుంటరు. బాయి మట్టి పొయ్యి పగలకుండ పదేండ్లు ఉంటదని పేరు. ఈసారి సుత గట్లనే పెట్టిండ్రు. నెలన్నర నుంచి గోనెసంచి కింద ఆరుతున్న ఆ పొయ్యిల ముక్త పత్తికట్టె పెట్టి అగ్గి ముట్టిచ్చింది.

పొగ మామూలుగనే అచ్చింది. పొయ్యి కాలిన కొద్ది ఇంకో వాసన అచ్చింది. మాడిన బెల్లం, దాని ఎనుక మురిగిన గుడ్డు. ముక్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని దగ్గుకుంట బయట పడ్డది. పెంక మీద రొట్టె సగం కాలి ఉన్నది, అది సుత అదే వాసన.

సంగవ్వ లేచి నిలబడ్డది. ఆ వాసన ఆమెకు ఎరుకే. వాగు ఒడ్డున పైపు మూతి కాడ వచ్చే వాసన. పదేండ్ల నుంచి పడమటి గాలి వీచినప్పుడల్లా ఇంట్లకచ్చే వాసన. అది ఇప్పుడు ఆమె వంటింట్ల, ఆమె పొయ్యి కడుపుల నుంచి అస్తున్నది.

"నీళ్లు కడిగిన," అన్నది మెల్లగ. "మట్టిని ఎవ్వలు కడిగిండ్రు?"

గజానన్‌కు అర్థం కాలేదు. ఆమె అప్పటికే వాకిలి దాటింది.

మిగిలిన నాలుగు ఇండ్లకు ఉరికింది. రెండిండ్లల్ల పొయ్యిలు అప్పుడే ముట్టిచ్చి, వాసనకు తాళలేక పెరట్ల పారేసిండ్రు. ఇంకో ఇంట్ల అల్లుడు కాలు తగిలి పిండి పిండైంది. ఆఖరుది సాయవ్వ ఇల్లు. సాయవ్వ సంగవ్వ ఈడుదే, నోరు మాత్రం ఆమెకన్న రెండింతలు.

"సాయవ్వా, నీ పొయ్యి ముట్టిచ్చినవా?"

"ఎక్కడ ముట్టిచ్చేది? నా కోడలికి పొగ పడదట. గ్యాస్ మీద రొట్టె చేస్తది, అట్ట తీరుగ ఉంటది. నేను నములుతనే ఉంట పొద్దందాక."

"మంచిదైంది. అగ్గి తగలని మట్టే కావాలె నాకు."

"ఏం మంచిదే? నా పండ్లు ఊడుడు మంచిదా?"

"నీ కోడలు పుణ్యాత్మురాలు. ఆ పొయ్యి నాకియ్యి."

సాయవ్వ నడుము మీద చేతులు పెట్టుకొని ఆమెను పై నుంచి కిందికి చూసింది. "నీళ్లు చెడగొట్టుకున్నవు, ఇప్పుడు నా పొయ్యి మీద పడ్డవా? ఏం చేస్తవు దాన్ని?"

"కోర్టుకు తీస్కపోత."

*

పొయ్యిని పాత బొంతల చుట్టి, గంపల పెట్టి, కుండల్‌వాడిల నాందేడ్ బస్సు ఎక్కిండ్రు తల్లికొడుకులు. సంగవ్వ గంపను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. కండక్టర్ మరాఠిల అడిగిండు, గంపల ఏముంది ఆజీ అని.

"పొయ్యి."

"నాందేడ్‌ల పొయ్యిలు దొరుకుతలేవా?"

"ఇసొంటిది దొరకదు. దీని మీద కేసు ఉన్నది."

కండక్టర్ నవ్విండు గని ఆమె మొహం చూసి నవ్వు ఆపుకున్నడు. గంపకు టికెట్ కొట్టకుండనే ముందుకు పోయిండు.

శ్రద్ధ దప్తర్ కోర్టు ఎదురుంగ, మేడ మీద. బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి గజానన్ గంప దించిండు. సంగవ్వ బొంత విప్పి, దిగంబర్ వాకిట్ల చేతులు కట్టుకొని నిలబడ్డ కాడి నుంచి ముక్త దగ్గుకుంట బయటికొచ్చే దాక ఒక్క ముచ్చట విడవకుండ చెప్పింది. శ్రద్ధ మధ్యల ఆపలేదు. ఆఖరుకు కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అవ్వా, బాయి తోడిపిచ్చిండ్రని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినవా?"

"బాయి తోడుతరని నాకేం ఎరుక?"

"మీ తాతకు ఎరుకుండె," అన్నది సంగవ్వ. కోపం ఆ పిల్ల మీద కాదు, ఎక్కడనో ఒక కాడ పడాలె గదా.

శ్రద్ధ లేచి, పొయ్యిని ముట్టకుండ నలుదిక్కుల నుంచి ఫొటోలు తీసింది. "దీన్ని మనం పగలగొట్టొద్దు, ముక్క తియ్యొద్దు. మనం తీస్తే మనమే కలిపినమంటరు. గుడ్డల కట్టి, నోటరీ ముందట సీలు వేపిస్త, మీ ఇంట్ల భద్రంగ పెట్టుండ్రి. కోర్టు పంపినోళ్లే విప్పాలె. ఇగ రెండో ముచ్చట. రిపోర్టు తప్పు అని ఊకెనే అంటే కోర్టు వినది. ఎట్ల తప్పో చెప్పాలె. బాయి తోడినం, బ్లీచింగ్ చల్లినం, ఆ మట్టితోని పొయ్యి పెట్టినం అని నువ్వు ప్రమాణపత్రం రాసియ్యాలె. నీ పేరు మీద."

"రాస్త."

"అవతల వకీలు నిన్ను ఊకెనే విడువడు. అప్పుడు పంచనామా మీద ముద్ర వేసి ఇప్పుడు మాట తిప్పుతున్నదంటడు. అబద్ధమాడే మనిషి అంటడు. అది రికార్డుల పడతది. నీ ఊరోళ్లు సుత వింటరు."

సంగవ్వ కిటికి దిక్కు తిరిగింది. కిటికిల నుంచి కింద ఆటోల హారన్లు. ఊర్ల ఆమె మాటకు ఉన్న విలువ ఏందో గజానన్‌కు ఎరుక. గట్టు తగాదాలల్ల సాక్ష్యం కావాలంటే, ఏ రాయి ఎక్కడుండెనో సంగవ్వను అడిగేటోళ్లు. ఆమె ఇట్ల ఉండె అంటే ఇగ పంచాయతి లేదు.

"రాయి బిడ్డా," అన్నది. "తప్పు చేసిన అని రాయి. తెల్వక అని మాత్రం రాయకు. చుట్టాలనుకొని చేసిన అని రాయి. ఈసారి ఒక్కొక్క మాట నాకు చదివి వినిపిచ్చినంకనే ముద్ర ఏస్త."

నాలుగు పేజీలైనయి. మూడుసార్లు చదివిచ్చుకున్నది. రామకిషన్ దిగింది మంగళారం అయితే బుధారం అని పడ్డదని దిద్దిచ్చింది.

*

పేషీకి వారం ముందట దిగంబర్ మల్ల అచ్చిండు. ఈసారి చెప్పులు విడువలేదు.

"ప్రమాణపత్రంల నా పేరు సుత రాపిచ్చినవట."

"నువ్వు వచ్చినవు గదా. రాకపోతే రాపియ్యకపోదును."

"పెద్దవ్వా, కొట్లాటతోని ఏమస్తది? కారఖానా వాళ్లు ఊర్ల ఫిల్టర్ నీళ్ల మిషన్ పెడతమంటున్నరు. నీ వాకిట్లనే పెట్టిస్త. వాపస్ తీస్కో."

"దిగంబరూ, నువ్వు పుట్టినప్పుడు మీ అవ్వకు పాలు పడలేదు. పదకొండు దినాలు ఈ బాయి నీళ్లతోనే జావ కాసి తెచ్చిపోసిన నేను. నువ్వు తాగిన పాలల్ల ఈ నీళ్లున్నయి. నా నీళ్లు ఖరాబు చేసి, నాకే మిషన్ నీళ్లు పోస్తరా? బాయి దగ్గర మిషన్ పెట్టుకొని తాగాలెనా నేను?"

"కోర్టుల నిన్ను అబద్ధాలకోరు అంటరు. ఈ వయసుల అవసరమా?"

"అననీ. నాకు వయసు మీద పడ్డది, సిగ్గు మీద పడలేదు. పో. పోయి చెప్పు వాళ్లకు, ముసల్ది వింటలేదని."

పేషీ దినం పుణె పోయే పని పడలేదు. శ్రద్ధ దప్తర్‌ల కంప్యూటర్ ముందట కూసుంటే చాలన్నది. తెర మీద చిన్న చిన్న కిటికీలు, కిటికీకొక నల్లకోటు. వాళ్ల నంబర్ వచ్చే వరకు రెండు గంటలైంది. అంతా ఇంగ్లీషే. ఒక కాడ మాత్రం ఆమెకు తన పేరు వినబడ్డది. కారఖానా వకీలు ఆమె పేరు పలికిన తీరు, నోట్లకు వచ్చిన ఎంట్రుకను బయట పడేసినట్టు ఉండె.

"ఏమంటున్నడు?"

శ్రద్ధ మైకు మూసి మెల్లగ చెప్పింది. "చదువు రాదు, వేసిన ముద్ర ఎందుకు వేసిందో తెల్వదు, ఇప్పుడు ఎవ్వలో నేర్పిన మాటలు చెప్తున్నది, అంటున్నడు."

సంగవ్వ మొహం నల్లబడ్డది. కుర్చీల నుంచి లేవబోయింది, గజానన్ చెయ్యి పట్టుకున్నడు. అప్పుడే నడిమి కిటికిల ఉన్న న్యాయమూర్తి ఏదో అడిగిండు. అవ్వ ఇక్కడనే ఉన్నదని శ్రద్ధ చెప్పి, కంప్యూటర్‌ను సంగవ్వ దిక్కు తిప్పింది. "అవ్వా, నిన్ను అడుగుతున్నరు. బాయి ఎందుకు తోడిపిచ్చినవో మరాఠిల చెప్పుమంటున్నరు."

సంగవ్వ లేచి నిలబడ్డది. నమస్తే పెట్టింది. ఇరవై దినాల నుంచి లోపల కుతకుత ఉడికింది ఇప్పుడు గొంతుకచ్చింది. గట్టిగ మాత్రం మాట్లాడలేదు.

"మీ మనుషులు అస్తున్నరంటే నా ఇల్లు ఊడ్చుకున్న సాహెబ్. మీ ఇంట్ల సుత ఊడుస్తరు. అది తప్పైతే ఆ తప్పు నాది, రాసుకోండ్రి. నాకు చదువు రాదన్నడు ఆ వకీలు సాహెబ్. రాదు. గని ఊడిస్తే చెత్త వెళ్లింది గదా, మోకాలు లోతు. ఆ చెత్త నాది కాదు. నా ఇంట్ల నల్ల మడ్డి పుట్టదు. అది ఎవ్వనిదో చూడుండ్రి. మట్టి ఉన్నది నా కాడ, గుడ్డల కట్టి పెట్టిన. మట్టికి సుత చదువు రాదు, ఎవ్వలూ మాటలు నేర్పలేదు దానికి."

ఇగ న్యాయమూర్తి ఏదో చెప్పుకుంట పోయిండు, పక్కన ఎవ్వలో రాసుకుంట పోయిండ్రు. శ్రద్ధ వేలితోని బల్ల మీద మెల్లగ కొట్టుకుంట విన్నది. అయిపోయినంక తిరిగి చెప్పింది. పాత రిపోర్టును పక్కకు పెట్టిండ్రు. కొత్త మనుషులు అస్తరు, ఎవ్వలకు ముందుగాల చెప్పరు, కారఖానాకు చెప్పరు, ఊరికి చెప్పరు. నీళ్లు, బాయి అడుగు మట్టి, పొయ్యి, పైపు మూతి, అన్నీ పట్టాలె. ఆరు వారాలు గడువు.

"గెలిచినమా?" అన్నడు గజానన్.

"కేసు బతికింది. గెలుచుడు ఇంకా ఉన్నది."

"పాత సాహేబులను ఏమన్నరు?" అన్నది సంగవ్వ.

"ఎందుకు గట్ల చేసిండ్రో రాసియ్యమన్నరు."

"రాస్తరు. రాసుడు వాళ్లకు బాగనే అస్తది."

*

ఆ నాటి నుంచి సంగవ్వ వాకిలి ఊడ్వనియ్యలేదు. ముక్త చీపురు పట్టుకుంటే గుంజి పైకప్పుల దోపింది. వాకిట్ల పెండ, ఎండుటాకులు, కోళ్ల రెట్టలు. బాయి మీద తెట్టు అరచెయ్యి మందం పేరుకున్నది. దారెంట పోయేటోళ్లు మొహం చిట్లిచ్చుకుంటే ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా ఊకుండేది. ఎవ్వడు మోటరు పట్టుకొని వస్తడో అని దినమంత బాయి గట్టు మీదనే కూసున్నది, మధ్యాహ్నం రొట్టె సుత అక్కడనే. సాయవ్వ తోడు కూసునేది.

"నీ వాకిలి చూస్తే నాకు కడుపుల దేవుతున్నది," అనేది సాయవ్వ.

"నాకు సుత," అనేది సంగవ్వ.

జొన్న కోతల నడుమ, శనివారం పొద్దుగాల, ఒక జీపు చెప్పకుండ వచ్చి ఆగింది. నలుగురు దిగిండ్రు. వాళ్లల్ల పెద్ద సాహేబు నలభై ఏండ్లోడు, గడ్డం గీసుకోలేదు, మాట తక్కువ. వాకిట్ల అడుగు పెడుతూ పెండల కాలేసిండు. సంగవ్వ చూసింది. కాళ్లకు నీళ్లియ్యలేదు. కూసోమని అనలేదు. జన్మల మొదటిసారి, ఇంటికచ్చిన మనిషిని నిలబెట్టింది.

పొడుగు గొట్టం బాయి అడుగుకు దించి నల్ల మట్టి తీసిండ్రు. నీళ్లు పట్టిండ్రు. పొయ్యి సీలు విప్పి, సాయవ్వ ఇంతింత కండ్లు పెట్టుకొని చూస్తుండంగ రెండు ముక్కలు తీసి సంచిల వేసి, మిగిలింది మల్ల కట్టిండ్రు. పంచనామా రాసిండ్రు. గవాయి ఎవ్వలంటే ఈసారి ఎవ్వలూ చూపియ్యకముందే సంగవ్వ ముందుకచ్చింది.

"చదువు," అన్నది.

సాహేబు మరాఠిల చదివిండు. తారీఖు, టైము, బాయి లోతు, ఎన్ని సీసాలు. రంగు కాడ గోధుమ రంగు అని ఉన్నది. తర్వాత గబగబ కింది వరుసకు పోయిండు.

"ఆగు. రంగు ఎనుక ఏముంది?"

"వాసన, ఆజీ. అది ఖాళీ పెట్టిన. ప్రయోగశాలల తేలుతది."

"నీకు వస్తలేదా?"

సాహేబు చేతుల కలం తిప్పిండు. "వస్తది. గని నేను రాసుడు కాదు..."

"ముక్కు ఇంటికాడ పెట్టి అచ్చినవా? నాది చెప్పుడు కాదు, నీది చెప్పు. నీకు ఏం వాసన వస్తున్నది?"

మిగిలిన ముగ్గురు నేల చూసిండ్రు. సాహేబు బాయి మీదికి వంగిండు. లేచి, చేతి రుమాలు తీసి మూతి తుడుచుకున్నడు. కాగితం మీద రాసిండు.

"చదువు."

"కుళ్లిన, మాడిన బెల్లం వాసన. నిలబడుట కష్టం."

"కింద ఇది సుత రాయి. బాయి తోడలేదు, వాకిలి ఊడ్వలేదు, దినాం ఎట్లున్నదో గట్లనే ఉన్నది అని."

రాసిండు. చదివిండు. అప్పుడు సంగవ్వ బొటనవేలు చాపింది. సిరాల ముంచి, కాగితం చినుగుతదేమో అన్నంత బలంగ ఒత్తింది.

జీపు వాగు పైపు దిక్కు పోయినంక ముక్త పైకప్పుల నుంచి చీపురు తీసింది. "ఇగ ఊడ్వనా అత్తా?"

"వాకిలి ఊడువు," అన్నది సంగవ్వ. "బాయి జోలికి పోకు. దాన్ని కడిగేది మనం కాదు."

గట్టు మీద కూసోని, నల్లబడ్డ వేలును కొంగుకు తుడువకుండ, పడమటి దిక్కు చిమ్నీని చూసుకుంట ఉన్నది. పొగ ఎప్పటి తీరుగనే లేస్తున్నది. ముక్త చీపురు చప్పుడు వాకిట్ల ఈ మూల నుంచి ఆ మూలకు పోతున్నది.